గీతకు అవతలి రామతులసి

రోహిణి కార్తె

నూనె కుండ మూత తీసి వాసన చూడటం నా ఉద్యోగం. పేరు హైమావతి. ఎర్రబంద అనే ఈ కొండ ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ తినే నూనె నాచు తొట్లలో తయారవుతుంది, ఆ తొట్ల గదికి నేను రసాయనికురాలిని. మా నాన్నమ్మ చిన్నతనంలో ఈ కొండవాలులన్నీ వలిసె నూనెగింజల పూలతో పచ్చగా ఉండేవట. తేనెటీగలు పోయాక వలిసె గింజ పట్టడం మానేసింది. తీరం మునిగి జనం కొండలెక్కాక నిల్వల మండలి ఊరూరా ఈ తొట్లు కట్టించింది.

నాచు నూనె మంచిదే. పసిపిల్లల పిండిలో అది లేకపోతే పిల్లలు నిలబడరు. అయితే దానికి గాలి పడదు. గాలి తగిలిన చోట నూనెలో ఒక అణువు తెగుతుంది. తెగింది ఊరుకోదు, పక్కదాన్ని తెంపుతుంది, అది ఇంకోదాన్ని. ఈ తెగుడుకు అడ్డం నిలబడి, తన దగ్గరున్నది ఇచ్చేసి, గొలుసును ఆపే పదార్థం ఏదో ఒకటి కలపాలి. అందుకు మండలి 'రక్ష' అని ఒక చుక్కల మందు కొండల మధ్య వేలాడే తాడు బుట్టలో పంపుతుంది. ఇంకేదీ కలపకూడదని ఆజ్ఞ.

ఇవాళ మూత తీయగానే ముఖం తిప్పేసుకున్నాను. పాత రంగు డబ్బాలో చేప ఎండబెట్టినట్టుంది వాసన. రక్ష కలిపి పట్టుమని పది రోజులు కాలేదు.

నా దగ్గర ఒక పొడి ఉంది. సారాయిలో కరిగిస్తే నేరేడు రసంలా ఊదా రంగు వస్తుంది. నూనెను కాపాడే గుణం ఉన్నది ఏది కలిపినా ఆ ఊదా విరిగి ఎండుగడ్డి రంగుకు దిగుతుంది. రక్ష చుక్క వేసి చూస్తూ కూర్చున్నాను. రంగు మారలేదు. ఇంకో చుక్క వేశాను. చివరికి సీసా సగం వంచాను. ఊదా ఊదాగానే ఉంది.

మండలి మాకు పంపింది పసుపు రంగు కలిపిన ఉత్త నూనె.

మృగశిర కార్తె

రేడియోలో మండలికి చెప్పాను. "మోతాదు రెట్టింపు చేయండి" అన్నారు. సున్నాను రెట్టింపు చేస్తే ఎంతవుతుందని అడిగాను. లైను కట్టయింది.

మధ్యాహ్నం బుద్రి పిన్ని తొట్ల గదిలోకి వచ్చింది. పాంగి బుద్రి ఈ ఊరికి పెద్ద. తగవు వచ్చినా పెళ్ళి వచ్చినా ఆమె మాటే చెల్లుతుంది. చంకలో మనవరాలు చిలక ఉంది. పిల్ల మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంది.

"ఒలే హైమా, ఈ నూనె నువ్వు తింతన్నావా?"

"తింటున్నాను పిన్నీ."

"మరి నీకు ముక్కు నేదేటి? పిల్ల పిండి నోట్లో ఎడితే కక్కేస్తంది. ఇప్పుడు అలిసిపోయి కక్కడం కూడా మానేసింది."

రక్ష సంగతి చెప్పాను. ఊదా నీళ్ళు చూపించాను. ఆమె గిన్నె వైపు చూడలేదు, నా మొహం వైపే చూసింది.

"ఆలు మోసం సేసినారని తెలిసింది. ఇప్పుడు నువ్వేటి సేస్తావు?"

ఏది దొరుకుతుందో తెలియకుండానే మాట ఇచ్చేశాను. "నూనెను కాపాడేది మండలి ఒక్కటే చేయలేదు పిన్నీ. ఎండకూ గాలికీ ఓర్చుకుని బతికే ప్రతి మొక్కా తన కోసం తాను చేసుకుంటుంది. ఆకు నలిపితే వాసన వస్తుందే, అందులో ఉంటుంది. వెతుకుతాను."

"ఎతుకు" అంది. "నానుండగా నిన్ను అడిగేవోడెవడు?"

ఆరుద్ర కార్తె

మా కొండ మీద తాడు బుట్ట స్టేషన్ చూసుకునే గాసి నాకు ఆకుల నుంచి నూనె దింపే బట్టీ కట్టిపెట్టాడు. పాత వంట డేగిస, మూతకు రాగి గొట్టం, ఆ గొట్టం చల్లనీళ్ళ తొట్టిలోంచి పోయి గాజు సీసాలో పడుతుంది. వాళ్ళ తాత ఇప్పసారా కాచేవాడట. "రక్తంలో ఉంది హైమప్పా" అన్నాడు గొప్పగా. "కాకపోతే మా తాత కాసింది తాగితే మడుసులు నవ్వేవోలు. నీది వాసన సూత్తే ఏడుపొస్తంది."

ముందు నిమ్మగడ్డి కాచాను. గదంతా ఘుమఘుమలాడింది. ఊదా నీళ్ళలో వేస్తే రంగు కదల్లేదు. సువాసనకూ కాపాడే గుణానికీ సంబంధం లేదని చదువుకున్నదాన్నే, అయినా నిరాశ కలిగింది. తర్వాత గెడ్డ ఒడ్డున వాగునీళ్ళు తాగి ఏపుగా పెరిగిన రామతులసి తెచ్చి కాచాను. రంగు కాస్త పలచబడింది, అంతే.

ఇక లాభం లేదనుకుంటుండగా గాసి ఒక ఎండిన రెమ్మ పట్టుకొచ్చాడు. తాడు కిందుగా ముళ్ళకంచె దగ్గర కప్పీకి నూనె రాస్తుంటే, కంచె అవతలి బండ మీది పొద నుంచి ఇవతలికి వంగి కనిపించిందట. అదీ రామతులసే. కాకపోతే ఆకులు చిన్నవి, మందం, అంచులు మాడి ఉన్నాయి. నలిపితే గెడ్డ ఒడ్డుదానిలా నిమ్మ వాసన లేదు. వాము నమిలినట్టు ముక్కులోకి ఘాటు ఎక్కింది.

ఒక్క రెమ్మ నుంచి నూనె ఏం వస్తుంది? సారాయిలో నానబెట్టి ఆ రసమే వేశాను. గిన్నె పక్కన పెట్టి చెంచా తీసే లోపల ఊదా విరిగిపోయింది. ఎండుగడ్డి రంగు. గాసి గిన్నెను పైకెత్తి వెలుగులో పట్టి, "ఏటిది, నువ్వేటైనా కలిపినావా?" అని అనుమానంగా అడిగాడు.

మొక్క ఒకటే, పువ్వు ఒకటే. నీడలో నీళ్ళు తాగి పెరిగింది ఒక నూనె చేస్తుంది, బండ మీద మాడింది ఇంకో నూనె చేస్తుంది. వంశం వేరా, ఎండ వేరా, రెండూనా అన్నది నాకింకా తెలియదు. ఈ రెండో దాంట్లో థైమాల్ నిండా ఉంది. వాముకు ఆ ఘాటు ఇచ్చేది అదే. తెగే గొలుసుకు అడ్డం నిలబడేదీ అదే.

ఆ బండ కంచెకు అవతల ఉంది. ఆ కంచే మండలి గీసిన గీత, దానికి అవతల ఉన్న అడవి మొత్తం మండలిది. గీత దాటి ఆకు తెంపిన ఊరికి బుట్ట ఆగిపోతుంది. బుట్ట ఆగితే ఉప్పు లేదు, మందుల్లేవు, తొట్లకు వేసే ఎరువు లేదు.

పునర్వసు కార్తె

ఊరందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గీత దాటితే ఏం పోతుందో కూడా చెప్పాను. కొందరు తెల్లవారక ముందే వెళ్ళి గుట్టుగా కోసుకొద్దామన్నారు.

బుద్రి పిన్ని లేచింది. "గుట్టెందుకు? ఆ కొండ మీద మా అత్తని తగలేసినాం. మా మావ అక్కడ సామలు పండించినాడు. దొంగలు రాత్రెల్తారు. మనం పగలెల్దుం."

పొద్దెక్కాక వెళ్ళాం. గాసి పట్టకారుతో కంచె తీగ తెంపి పక్కకు చుట్టేశాడు. కంచె స్తంభం మీద మండలి కెమెరా కన్ను మెరుస్తూ మమ్మల్ని చూస్తోంది. బుద్రి పిన్ని దాని ముందు ఆగి, కొంగు సవరించుకుని, "సరిగ్గా సూడు, నా ముక్కు ఎడం పక్కకి వొంగుంటాది" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం ఆ కన్ను వైపు చూడకుండా తీగ దాటాను.

బండ నెర్రెల్లో మోకాలెత్తు పొదలు. వేళ్ళు పీకవద్దన్నాను, పై రెమ్మలే కోశాం. సాయంత్రానికి డేగిస నుంచి తేనె రంగు నూనె బొట్లుబొట్లుగా దిగింది.

మూడు సీసాల్లో నాచు నూనె పోసి ఎండలో, కాలే బండ మీద పెట్టాను. ఒకటి ఉత్తది, ఒకటి రక్ష కలిపింది, ఒకటి రామతులసి కలిపింది. ఉత్తదీ రక్షదీ ఒకేసారి చెడ్డాయి. కలిసి బయల్దేరి కలిసి పోయాయి. మూడోది ఎన్ని ఎండలు చూసినా నిలిచింది.

మోతాదు దొరకడానికి తంటాలు పడ్డాను. ఎక్కువైతే నాలుక మండిపోతోంది. గాసి మొదటిసారి రుచి చూసి చెంబెడు నీళ్ళు తాగి, "ఇది కూరలో ఏసుకునేదా, గొడ్డు పుండుకి రాసేదా?" అన్నాడు. తగ్గించుకుంటూ వచ్చాను. ఘాటు తెలిసీ తెలియనట్టు ఉండి, ఎండకు నూనె చెడని చోట ఆగాను. పిల్లలకు ఇవ్వడానికి ముందు పెద్దవాళ్ళం తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇవాళ చిలక పిండి తిన్నది. కక్కలేదు. ఇంకా కావాలని చెయ్యి చాపింది. బుద్రి పిన్ని బయటికెళ్ళి కట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. అక్కరకు మించి కొట్టింది.

పుష్యమి కార్తె

బుట్టలో ఉప్పు రాలేదు. మనిషి వచ్చాడు. మండలి పర్యవేక్షకుడు ప్రభంజన్. నలభై దాటని మనిషి, మాట మెత్తన. తొట్ల గదిలోకి రాగానే ఊపిరి గట్టిగా పీల్చాడు. చెడిన నూనె వాసన లేకపోవడం అతను గమనించాడని నేను గమనించాను.

"హైమావతి గారూ, మీరు చేసింది నేరమని నేను చెప్పక్కర్లేదు కదా."

"రక్షలో ఏముందో మీరు చెప్పండి. నేరం సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రక్ష తయారయ్యే కర్మాగారం నిరుటి వరదలో పోయింది. జనం భయపడతారని సీసాలు మాత్రం పంపుతున్నారు."

"అన్ని ఊళ్ళకూనా?"

"అన్నింటికీ."

నాకు కోపం వచ్చింది. కేక వేయాలనిపించింది. వేయలేదు. అతనింకా చెప్పాల్సింది ఉందని తెలుస్తూనే ఉంది.

"మీ పద్ధతి మండలికి ఇచ్చేయండి. మండలి పేరున నమోదు చేస్తాం. కంచె తెంపిన విషయం మరిచిపోతాం. ఎర్రబందకు బుట్ట ఎప్పటికీ ఆగదు. నా మాట నమ్మండి."

"మిగతా ఊళ్ళకు?"

"మండలి ద్వారా అందుతుంది. వరస ప్రకారం."

"ఎప్పటికి?"

"ఏడాది పట్టొచ్చు. కర్మాగారం కట్టాలి కదా."

"డేగిసా, గొట్టమూ ఉంటే గాసి ఒక పూటలో కట్టాడు. దీనికి కర్మాగారం ఎందుకు? ఈలోగా ఆ ఊళ్ళ పిల్లలు ఏం తినాలి?"

అతను కిందకు చూశాడు. నేను లేచి నిలబడ్డాను. "ఇది నేను కనిపెట్టింది కాదు, మీకు ఇచ్చేయడానికి. బండ మీద మొలిచింది. మీకు ఒక్కరికే చెప్పను. అందరికీ చెబుతాను, అందులో మీరూ వినొచ్చు."

అతను బయటికి వెళ్ళి నడుముకున్న చేతి రేడియోలో మాట్లాడాడు. కాసేపటికి పైన తాడు కీచుమని ఆగిపోయింది. కింది స్టేషన్లో మోటారు కట్టేశారు. బుట్ట మా కొండకూ అవతలి కొండకూ మధ్య గాలిలో ఊగుతోంది. ప్రభంజన్ దాన్ని చూస్తూ అలాగే ఉండిపోయాడు.

గాసి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. "బావూ, మిమ్మల్ని మర్సిపోనారా, ఒగ్గేసినారా?"

ఆశ్లేష కార్తె

ఉప్పు అయిపోవచ్చింది. నా రేడియోలో గరగర తప్ప ఏమీ వినిపించదు. మాట వినిపించకుండా మండలి నా లైను మీద మోత పెట్టింది. ఎర్రబంద తప్ప ఇంకే ఊరికీ సంగతి తెలియదు.

ప్రభంజన్‌ను బుద్రి పిన్ని తన ఇంట్లో పెట్టుకుంది. మొదట్లో మా వంట తినలేదు, జేబులోని మండలి బిస్కెట్లతో గడిపాడు. అవి అయిపోయాయి. ఇవాళ నేను వెళ్ళేసరికి చిలక పక్కన కూర్చుని రాగి జావలో మా నూనె వేసుకుని తాగుతున్నాడు. పిల్ల తన గిన్నె ఖాళీ చేసి అతని గిన్నె వైపు చూస్తోంది.

"మా అమ్మాయిది ఇదే వయసు" అన్నాడు నన్ను చూసి. "దిగువ శిబిరంలో ఉంటారు. పిండి పెడితే తినడం లేదని నేనిక్కడికి వచ్చే ముందు మా ఆవిడ రేడియోలో ఏడ్చింది. ముక్కు మూసి మింగిస్తోందట. మారాం చేస్తోందిలే అన్నాను. ఉద్యోగంలో ఉన్నవాడిని, రక్ష సంగతి తెలిసినవాడిని... నా ఇంటి పిండిలోనూ అదే పోస్తారన్న ఆలోచన ఎందుకు రాలేదంటారు?"

నేను అతని పక్కన కూర్చున్నాను.

అతను నడుముకున్న రేడియో తీసి నేల మీద పెట్టాడు. "ఇది అధికారుల లైను. ప్రతి ఊరి తొట్ల గదిలో, ప్రతి శిబిరంలో గోడకున్న పెట్టెలో వినిపిస్తుంది, అందులోంచే తిరిగి మాట్లాడొచ్చు. దీని మీద మోత పెట్టాలంటే మండలి తన నోరు తాను మూసుకోవాలి. మూసుకోదు." మీట మీద వేలు పెట్టాడు. "ఇది చేశాక నాకు వెనక్కి దారి ఉండదు."

"ఇప్పుడు మాత్రం ఏ దారుంది బావూ?" అంది బుద్రి పిన్ని, అతని గిన్నెలో ఇంకో గరిటె జావ పోస్తూ. "తాగు. తాగి నొక్కు ఆ మీట."

మఖ కార్తె

మాట్లాడాను. కాగితం మీద రాసుకున్నది చదవడం మొదలుపెట్టాను. "సుగంధ తైలాలలోని ఫినాలిక్ సమ్మేళనాలు" అనగానే బుద్రి పిన్ని నా చేతిలోంచి రేడియో లాక్కుంది.

"ఒలమ్మా, ఒరయ్యా, ఇనండి. మీ నూనె కంపు కొడతందా? అది మీ తప్పు కాదు. మండలోలు పంపే సుక్కల్లో ఏటీ నేదు. ఎండలో మాడిన మొక్క సూడండి. ఆకు నలిపితే వాము ఘాటు, నవంగం ఘాటు రావాల. గొట్టం ఎట్టి ఆవిరి పట్టండి. ఎలాగో ఈ పిల్ల సెప్తాది. మీకు తెలిసేలాగ సెప్తాది, నేపోతే నాను ఊరుకోను."

వాళ్ళకు తెలిసేలాగే చెప్పాను. డేగిస, గొట్టం, చల్లనీళ్ళు. సీసాలు ఎండలో పెట్టి పోల్చి చూడటం. మొక్క పేరును నమ్మొద్దని, గెడ్డ ఒడ్డు మొక్క మమ్మల్ని మోసం చేసిందని చెప్పాను. తెలియని ఆకు ముట్టుకోవద్దని, ముందు పెద్దవాళ్ళే రుచి చూడాలని, నాలుక మండితే ఎక్కువైనట్టని, పిల్లలకు చివర్న ఇవ్వాలని రెండేసి సార్లు చెప్పాను. మా కొండ మీద ఉన్నది మీ కొండ మీద ఉండకపోవచ్చు, మీది మీరే వెతుక్కోవాలన్నాను.

జవాబు లేదు. మర్నాడూ మళ్ళీ అంతా చెప్పాను. ఆ మర్నాడూ చెప్పాను. గొంతు బొంగురుపోతే ప్రభంజన్ చదివాడు. మండలి ఆజ్ఞలు చదివీ చదివీ అలవాటైన గొంతు కదా, చాలా స్పష్టంగా వచ్చింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరో ఒక మగ గొంతు, ఉపోద్ఘాతం లేకుండా, "నిమ్మగడ్డితో అవటం లేదమ్మా" అంది. నా కుర్చీ వెనక్కి పడిపోయింది. "అవదు బాబూ, అవదు. మీ దగ్గర రాతి నేల ఎక్కడుంది?" అని అరిచాను.

ఉత్తర కార్తె

ఉప్పు లేని కూర తింటున్నాం. తొట్లకు ఎరువు చాలక నాచు పలచబడింది. అవతల పదిహేడు ఊళ్ళ వాళ్ళు బట్టీలు పెట్టారు. ఒకచోట కొండ తులసి, ఒకచోట ఎవరికీ పేరు తెలియని వాము వాసన పొద. రెండు చోట్ల ఏదీ కుదరలేదు, ఇంకా వెతుకుతున్నారు.

ఇవాళ పొద్దున్న గోడ పెట్టెలో మండలి ప్రకటన వచ్చింది. చదివింది ఒక అమ్మాయి, పొల్లుపోకుండా చదివింది. కొండ నూనెలు విషమట. వాటిని కాచే వాళ్ళు, కాచమని ప్రసారం చేసిన వాళ్ళు నేరస్తులట. వాళ్ళ పేర్లు తెలిపిన ఊరికి ఒక బుట్టెడు ఉప్పు, ఒక బుట్టెడు ఎరువు వెంటనే పంపుతారట.

తొట్ల గదిలో అందరం విన్నాం.

బుద్రి పిన్ని కాస్త ఆలోచించింది. "పేర్లు సెప్తే ఉప్పు పంపుతారా?"

"అలాగే చదివారు" అన్నాను.

"అయితే మనమే సెప్పేద్దుం. ఉప్పొస్తాది." రేడియో అందుకుని మీట నొక్కింది. "ఎర్రబంద నుంచి పాంగి బుద్రిని. మొక్క తెంపింది నానే. కాసినోడు గాసి. పక్కనే ఉన్నాడు, పళ్ళికిలిస్తన్నాడు. ఉప్పు దొడ్డుది పంపండి, సన్నది పిల్లోలు పారబోస్తన్నారు."

నేను తీసుకున్నాను. "హైమావతిని. పద్ధతి చెప్పింది నేను. ఇకపైనా చెబుతాను."

ప్రభంజన్ చెయ్యి చాపాడు. తన పేరు, హోదా, తాను ఏ శిబిరం వాడో చెప్పి, "రక్ష సీసాలు ఉత్తవని నాకు తెలుసు. మండలికీ తెలుసు" అన్నాడు.

ముందు ఆ నిమ్మగడ్డి మనిషి గొంతు వచ్చింది, పేరు చెప్పింది, తమకు కూడా ఉప్పు కావాలంది. ఆ వెనక ఇంకో ఊరు, ఆ వెనక ఇంకోటి. ఒక ముసలాయన తన పేరుతో పాటు తన గేదె పేరు కూడా చెప్పాడు, కట్టెలు మోసింది అదేనట. గాసి నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. దిగువ శిబిరం నుంచి ప్రభంజన్ భార్య గొంతు వచ్చినప్పుడు గదిలో అందరూ రేడియో దగ్గరికి జరిగారు. ఆమె తన పేరు చెప్పి, "పాప తింటోంది" అంది, అంతే.

మధ్యాహ్నం దాటాక గొంతులు సద్దుమణిగాయి. రేడియో కట్టేయబోతుంటే మళ్ళీ గరగరలాడింది. పొద్దున్న ప్రకటన చదివిన అమ్మాయి గొంతే. ఈసారి చదవడం లేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు లోగొంతుతో మాట్లాడుతోంది.

"ఎర్రబంద వాళ్ళా? ఆ సీసాలు ఎండలో పెట్టాలన్నారు కదండీ. వాటికి మూత పెట్టాలా, వద్దా?"

"వద్దు" అన్నాను. "పలచటి గుడ్డ కట్టండి చాలు. గాలి తగలాలి. ఎవరమ్మా మాట్లాడేది?"

చాలాసేపు గరగర. ఆ తర్వాత ఆ అమ్మాయి, పొద్దున్న చదివినంత స్పష్టంగానే, తన పేరు చెప్పింది.